రన్‌వే పైపొరకి పర్యావరణానికి మేలైన మెటీరియల్ ఏది? పని చేసినవాళ్లు చెప్పండి

సబ్‌గ్రేడ్ బాబు:

అందరికీ నమస్తే. ఒక డిజైన్ కన్సల్టెన్సీలో జూనియర్ ఇంజనీర్‌ని, చేరి మూడేళ్లయింది. ఇప్పటిదాకా అన్నీ రోడ్డు పనులే. రన్‌వే ఫైలు ముట్టుకోవడం ఇదే మొదటిసారి, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

పని సంగతి చెప్తాను. 3,000 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉన్న తారు రన్‌వే. పైపొర నిండా పగుళ్లు, కొన్నిచోట్ల సన్న కంకర లేచిపోతోంది. కింది పొరలు గట్టిగానే ఉన్నాయని ఒక పాత రిపోర్టు చెప్తోంది. కాబట్టి పైపొర గీకేసి 100 మి.మీ. కొత్త పొర వెయ్యాలని ఆలోచన. అక్కడ ఉన్నది ఒకటే రన్‌వే. పనంతా రాత్రిపూట ఆరు గంటల విరామంలో జరగాలి, తెల్లారేసరికి విమానం దిగాలి. తిరిగేవాటిలో పెద్దది బోయింగ్ 777-300ఈఆర్. దీనికి తోడు పక్కనే ఒక పాత కాంక్రీటు ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) పగలగొడుతున్నారు. ఆ ముక్కలు ఏం చెయ్యాలో కూడా మమ్మల్నే చెప్పమన్నారు.

మా బాస్ పిలిచి "సస్టెయినబుల్ మెటీరియల్స్ మీద ఒక నోటు రాయి, నాలుగు ఆప్షన్లు పెట్టి ఏది మంచిదో తేల్చు" అన్నారు. నేను పెట్టుకున్న నాలుగు ఇవి: పాత తారు పొడి కలిపిన వార్మ్ మిక్స్ (మామూలు కంటే తక్కువ వేడిలో తయారయ్యే తారు మిశ్రమం), ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిపిన కాంక్రీటు, అసలు సిమెంటే లేని జియోపాలిమర్ కాంక్రీటు, వ్యర్థ ప్లాస్టిక్ కలిపిన తారు.

ఇబ్బంది ఏమిటంటే ప్రతి బ్రోచరూ తనదే గొప్ప అంటుంది. ఒకరు టన్నుకి ఇంత కార్బన్ తగ్గిందంటారు, ఇంకొకరు క్యూబిక్ మీటరుకి చెప్తారు. దేన్ని దేనితో పోల్చాలో అర్థం కావట్లేదు. పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. చేతికి తారంటినవాళ్లు ఎవరైనా చెప్తే మేలు.

పాత పేవర్:

తమ్ముడూ, తారూ కంకరా వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంట్ల దగ్గర ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. అందులో నాలుగు రన్‌వేలు. నీ నోటులో లేని ప్రశ్నతో మొదలుపెడతాను. ఉన్న పొర ఎందుకు పాడైంది?

తారు వయసైపోయి పెళుసెక్కిందా, లేక కింద నీళ్లు నిలుస్తున్నాయా? రెండోదైతే పైన బంగారం పరిచినా నాలుగైదేళ్లలో మళ్లీ లేస్తుంది. వాన వెలిసిన మర్నాడు వెళ్లి పక్క డ్రెయిన్ల మూతలు తీయించి నీ కళ్లతో చూడు. డ్రెయిన్ పూడిక తీయించడం ఎవరి బ్రోచర్‌లోనూ ఉండదు, అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్న రన్‌వేలు నేను చూశాను. కోర్లు (పొరల్లోంచి గుండ్రంగా కోసిన ముక్కలు) తీయించు, బరువు పడేసి పొర ఎంత కుంగుతుందో కొలిచే హెచ్‌డబ్ల్యూడీ పరీక్ష మళ్లీ చేయించు. ఆ పాత రిపోర్టు ఏ సంవత్సరానిదో చెప్పలేదు నువ్వు. అందులో రన్‌వే మోయగల బలాన్ని పీసీఎన్ అనే నంబరుగా రాసి ఉంటే అది పాత లెక్క. 2024 నవంబర్ నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పద్ధతి ఏసీఆర్-పీసీఆర్ అనే కొత్త లెక్కకి మారింది. ఎలాగూ మళ్లీ లెక్క కట్టాల్సిందే.

రోడ్ల నుంచి వచ్చావు కాబట్టి ఒక్క మాట. లారీ టైరులో గాలి ఒత్తిడి 0.8 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. నీ 777లో ఒకటిన్నర. నిండుగా ఎగిరేటప్పుడు బరువు 351 టన్నులు, దాంట్లో తొంభై ఐదు శాతం దాకా పన్నెండు మెయిన్ చక్రాల మీదే. అంటే చక్రానికి దాదాపు 28 టన్నులు. లోడు లారీ మొత్తాన్ని ఎత్తి ఒక్క టైరు మీద నిలబెట్టినట్టు. రోడ్డు మీద బాగా నిలిచిందన్న సర్టిఫికెట్టు ఇక్కడ సగం సర్టిఫికెట్టే.

ఇక పాత తారు పొడి, అదే రాప్. ఒక చోట, పేరెందుకులే, పైపొరలోనే 25 శాతం రాప్ వెయ్యమన్నారు. ఆ కుప్ప ప్లాంటు వెనక ఆరుబయట ఉంది. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి నేను కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి చూశాను. పైన పొడిగా ఉంది, లోపల ముద్దలు ముద్దలుగా తడి. పైన పటారం, లోన లొటారం అంటే అదే. రాప్‌ని నేరుగా మంటకి చూపించకూడదు, అందులో ఉన్న తారు కాలిపోతుంది. కొత్త కంకరని అతిగా కాల్చి ఆ వేడితోనే దాన్ని ఆరబెట్టాలి. ఆ రాత్రి డ్రమ్ములో కంకర 200 డిగ్రీలు దాటింది. అంత వేడి రాయిని తాకిన కొత్త తారు అక్కడికక్కడే ముసలిదైపోతుంది. లారీలో పడే మిక్స్ నల్లగా నిగనిగలాడాలి. ఇదేమో మాసిన గోధుమరంగులో పొడిపొడిగా ఉంది. ఆపుదామన్నాను. టైము లేదన్నారు. లారీలు కదిలాయి.

ఎనిమిది నెలలు గడిచాయి. డిఫెక్టు పనుల కోసం మేమింకా ఆ సైటులోనే ఉన్నాం. ఒక పొద్దున ఎయిర్‌సైడ్ ఇన్‌స్పెక్టర్ మా రూముకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా హెల్మెట్ తిరగేసి నా టేబుల్ మీద పెట్టాడు. దాన్నిండా వేలిగోరంత రాళ్లు. "టచ్‌డౌన్ జోన్‌లో ఇవాళ ఏరినవి" అన్నాడు. ఇంజిన్ మింగడానికి ఒక్క రాయి చాలు. విమానం నేల తాకే ఆ 600 మీటర్లూ మళ్లీ గీకి, రాప్ లేని మిక్స్‌తో మళ్లీ పరిచాం. రాప్‌తో మిగిల్చిన కార్బన్ ఎంతో, రెండోసారి కాల్చిన ఆయిల్ ఎంతో నువ్వే లెక్క వేసుకో. ఫైల్లో మాత్రం ఆ ప్రాజెక్టు ఇప్పటికీ 'గ్రీన్' అనే ఉంది.

రాప్ మీద నాకు పగ లేదు. దాని చోటు వేరు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ల పీ-401 స్పెసిఫికేషన్ తీసి చదువు. రన్‌వే పైపొరలో రాప్ వద్దంటుంది. కింది పొరలకి, షోల్డర్లకి (రన్‌వేకి బయట పక్కన ఉండే పట్టీలకి) ఒప్పుకుంటుంది. నీ సొంత రన్‌వే గీకితే వచ్చే రాప్ అయితే ఇంకా మంచిది, అందులో ఏ రాయి ఉందో, ఏ తారు ఉందో రికార్డు ఉంటుంది. నాలుగు రోడ్ల నుంచి పోగేసిన కుప్పలో ఏముందో దేవుడికే తెలియాలి. గీకేటప్పుడు టైరు రబ్బరు మేటలు, పెయింటు, పగుళ్లలో నింపిన సీలెంటు ఉన్న పై 10-15 మి.మీ.ని వేరుగా తీయించు. కుప్ప మీద కప్పు ఉండాలి, కింద నేల వాలుగా ఉండాలి. తడి ఒక్క శాతం పెరిగితే డ్రయ్యరు పది శాతం దాకా ఎక్కువ ఆయిల్ తాగుతుంది. ఇది కొత్త కంకరకీ వర్తిస్తుంది. చాలా ప్లాంట్లలో అన్నిటికంటే చవకైన కార్బన్ పొదుపు రేకుల షెడ్డే.

వార్మ్ మిక్స్ సంగతి. మామూలు హాట్ మిక్స్ 150, 160 డిగ్రీల దగ్గర తయారవుతుంది. అడిటివ్ కలిపితే 20 నుంచి 40 డిగ్రీలు తక్కువలో పని జరుగుతుంది. ఆయిల్ మిగులుతుంది, పొగ తగ్గుతుంది, తారు పరిచే పేవర్ మిషన్ మీద నిలబడేవాడి ఊపిరితిత్తులు నీకు దణ్ణం పెడతాయి. కానీ నీ పనిలో దాని అసలు ఉపయోగం చల్లారే టైములో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఉత్తర రన్‌వేని ఇలాగే రాత్రుళ్లు మార్చారు. ఏడున్నర గంటల విరామంలో పాత కాంక్రీటు ముక్క తీసెయ్యడం, దాని చోట 60 సెంటీమీటర్ల మందం తారు నింపడం, పొద్దున్నే విమానాలు వదలడం. అంత మందం మామూలు వేడిలో వేస్తే తెల్లారినా లోపల ఉడుకుతూనే ఉంటుంది, చక్రం పడితే గాడి పడుతుంది. అందుకని మైనం లాంటి అడిటివ్‌తో తక్కువ వేడిలో వేసి, 85 డిగ్రీలకు రాగానే తెరిచారు. నీ ఆరు గంటల్లో గీకడం, ఊడ్వడం, పొరలు అంటుకోవడానికి చల్లే టాక్ కోట్, పరచడం, రోలింగ్, గీతలు అన్నీ పోతే చల్లారడానికి ఎంత మిగులుతుందో చూసుకో. నీళ్లతో నురగ తెప్పించే రకం కంటే కెమికల్ రకం నాకు ఇష్టం. తక్కువ వేడిలో కంకర పూర్తిగా ఆరకపోతే తారు రాయిని వదిలేస్తుంది. దానికి మళ్లీ నీళ్లు చేర్చడం ఎందుకు?

ప్లాస్టిక్ గురించి రెండే ముక్కలు. రన్‌వే తారులో ఎస్‌బీఎస్ అనే రబ్బరు లాంటి పాలిమర్ కలపడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. అది ప్రతి డ్రమ్ములోనూ ఒకేలా వస్తుంది. వ్యర్థ ప్లాస్టిక్ అలా రాదు. షోల్డర్ మీద, సర్వీసు రోడ్డు మీద వేసి చూడమను. టచ్‌డౌన్ జోన్‌లో ప్రయోగాలు వద్దు.

క్యూబ్ టెస్ట్:

పేవర్ గారు ఎప్పట్లాగే కాంక్రీటు ఊసెత్తకుండా ముగించారు. ఆ భాగం నేను చెప్తాను, కాంక్రీటు ల్యాబ్‌లో పదిహేనేళ్ల అనుభవం నాది.

బాబు గారూ, మొత్తం రన్‌వేని కాంక్రీటుగా మార్చే ఆలోచన ఉంటే ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. 45 మీటర్ల వెడల్పు, 3,000 మీటర్ల పొడవు, 400 మి.మీ. మందం అనుకోండి. 54,000 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకి 350 కిలోల సిమెంటు చొప్పున దాదాపు 19 వేల టన్నులు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు టన్నుకి 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చొప్పున పదహారు వేల టన్నులు. అందులో 60 శాతం దాకా కొలిమి ఇంధనం నుంచి కాదు, సున్నపురాయిలోంచే వస్తుంది. కాబట్టి కొలిమిని సోలార్ కరెంటుతో నడిపినా ఆ వాటా పోదు. సిమెంటు వాడకం తగ్గించడమే దారి. పావు వంతు సిమెంటు బదులు ఫ్లై యాష్ వేస్తే నాలుగు వేల టన్నులు తగ్గుతాయి. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంటులో క్లింకర్ (కొలిమిలో సున్నపురాయి కాల్చి చేసే ముడి సిమెంటు) సగమే ఉంటుంది, తగ్గుదల ఇంకా ఎక్కువ.

ఫ్లై యాష్‌కి ఇంకో గుణం ఉంది, బ్రోచర్లలో ఇది అడుగున ఎక్కడో ఉంటుంది. కొన్ని రకాల కంకరలోని సిలికా, సిమెంటులోని క్షారంతో కలిసి జిగురులా తయారవుతుంది. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, స్లాబు లోపల్నుంచి పగులుతుంది. దీన్ని ఏఎస్‌ఆర్ అంటాం. కాల్షియం తక్కువున్న ఫ్లై యాష్ దీన్ని బాగా అదుపులో పెడుతుంది. మంచు కరిగించడానికి పొటాషియం ఎసిటేట్ చల్లే చోట్ల ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. ఫ్లై యాష్ వల్ల స్లాబు పదేళ్లు ఎక్కువ బతికితే, మొదటి రోజు తగ్గిన నాలుగు వేల టన్నుల కన్నా అదే పెద్ద లాభం. చిక్కల్లా, బొగ్గు విద్యుత్ కేంద్రాలు మూతపడే దేశాల్లో మంచి బూడిద దొరకడం కష్టమవుతోంది. దూరం నుంచి తెప్పిస్తే రవాణా లెక్క కలపండి.

ఇంతా చెప్పి మీ రన్‌వేకి నేనూ కాంక్రీటు చెప్పను. ఫ్లై యాష్ కాంక్రీటు మొదట్లో బలం మెల్లగా అందుకుంటుంది. ఆరు గంటల్లో పోసి విమానం దింపడం కుదరదు. సీఎస్ఏ లాంటి త్వరగా గట్టిపడే సిమెంట్లతో రాత్రికి కొన్ని స్లాబులు మార్చొచ్చు, 3,000 మీటర్లు మార్చలేం. కాంక్రీటుకి తగిన చోటు ఆప్రాన్. విమానం గంటలకొద్దీ ఒకేచోట నిలబడుతుంది, ఇంధనం కారుతుంది. కిరోసిన్ తారుని కరిగిస్తుంది, కాంక్రీటుని ఏమీ చెయ్యదు.

జియోపాలిమర్ గురించి అందరూ ఒకే ఉదాహరణ చెప్తారు, ఆస్ట్రేలియాలో 2014లో బ్రిస్బేన్ వెస్ట్ వెల్‌క్యాంప్ పేరుతో మొదలైన, ఇప్పుడు టూవూంబా వెల్‌క్యాంప్ అనే విమానాశ్రయం. దాదాపు 40,000 క్యూబిక్ మీటర్ల జియోపాలిమర్ కాంక్రీటు, 435 మి.మీ. మందం. నిజంగా గొప్ప పని. కానీ రెండు సంగతులు చూడండి. అది వాడింది ఆప్రాన్‌లో, టాక్సీవేలో, విమానం తిరిగే చోట్ల. రన్‌వేలో ఎక్కువ భాగం అక్కడా తారే. రెండోది, విమానాశ్రయం కట్టించినవాళ్లూ ఆ కాంక్రీటు తయారుచేసినవాళ్లూ ఒకే కంపెనీ, వాగ్నర్స్. తమ సరుకు మీద తామే పందెం కాసుకున్నారు. పైగా ఖాళీ నేలలో కొత్తగా కట్టారు, నెత్తిన విమానాలు లేవు. మీ క్లయింటు ఆ పందెం కాస్తారా? జియోపాలిమర్ మిక్సుల్లో సాధారణంగా వాడే సోడియం సిలికేట్, కాస్టిక్ సోడా తయారీకి కూడా కార్బన్ ఖర్చవుతుందని, పనివాళ్ల చర్మం మీద పడితే కాలుతుందని నోటులో రాయండి.

మీ పాత ఆప్రాన్ ముక్కలు పారెయ్యకండి. డెన్వర్‌లో స్టేపుల్టన్ విమానాశ్రయం మూసేశాక అక్కడి కాంక్రీటు దాదాపు 60 లక్షల టన్నులు నలిపి మళ్లీ వాడారు. మీ దగ్గర షోల్డర్ల కింద, పెరిమీటర్ రోడ్డు కింద బేస్‌గా వెయ్యొచ్చు. ముందు ఒక కోర్ తీసి ల్యాబ్‌కి పంపండి, ఏఎస్‌ఆర్ ఉందేమో చూడాలి. డ్రెయిన్ పైపుని ఆనుకుని మాత్రం ఈ కంకర వెయ్యొద్దు. నలిగిన కాంక్రీటులోంచి సున్నం నీళ్లలో కరిగి వచ్చి, పైపు రంధ్రాల దగ్గర తెల్లగా గడ్డకడుతుంది. కెటిల్ అడుగున పేరుకునే తెల్ల పెచ్చు ఉంటుంది కదా, అచ్చం అదే. రెండు మూడేళ్లలో పైపు మూసుకుపోయింది ఒక సైటులో. ఆ మిక్స్‌ని పాస్ చేసింది నేనే.

తెల్లారుజాము జీపు:

నేను ఇంజనీర్ని కాను. రోజూ సూర్యుడు రాకముందే రన్‌వే మీద జీపు నడిపేవాణ్ణి. పేవర్ గారి కథలో హెల్మెట్ తిరగేసినవాడు నాకు తెలియదు కానీ, నా జీపు డ్యాష్‌బోర్డు మీద కూడా ఒక డబ్బా ఉంటుంది, అందులో అలాంటి రాళ్లే.

బాబూ, నీ నోటులో గాళ్ల గురించి ఒక్క మాట లేదు. వాన నీళ్లు పోవడానికి రన్‌వేకి అడ్డంగా కోసే గాళ్లు: 6 మి.మీ. లోతు, 6 మి.మీ. వెడల్పు, 38 మి.మీ.కి ఒకటి. కొత్త తారు మీద వెంటనే కొయ్యరు, నెలరోజులు ఆగుతారు. ఆ నెలలో వానలుంటే పైలట్లకి తడి రన్‌వే హెచ్చరికలు ఇస్తూ మేం కూర్చోవాలి. మిక్స్ మెత్తగా ఉంటే ఎండాకాలంలో బరువు విమానం మెల్లగా మలుపు తిరిగేచోట గాళ్లు మూసుకుపోతాయి, ముఖ్యంగా రన్‌వే చివర్లలో. అక్కడ మళ్లీ పొర. నువ్వు ఏ మెటీరియల్ రాసినా "గాడి ఎన్నేళ్లు నిలుస్తుంది" అని ఒక గడి పెట్టు.

ఇంకోటి, పగలగొట్టే ఆప్రాన్ దగ్గర ఎప్పుడైనా ఫైర్ ట్రైనింగ్ జరిగిందా అని కనుక్కో. పాత రకం మంటలార్పే నురగలో పీఫాస్ అనే రసాయనాలు ఉండేవి. కాంక్రీటు వాటిని పీల్చుకుని ఏళ్లతరబడి వాన నీళ్లతో వదులుతూ ఉంటుంది. ఆ కాంక్రీటు నలిపి పెరిమీటర్ రోడ్డు కింద వేస్తే, ఒక మూల ఉన్న విషాన్ని చుట్టూ చల్లినట్టే. మా దగ్గర ఇలాంటి కుప్ప ఒకటి టెస్టు లేకుండా కదలబోతే, స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన "ఇక్కడేగా మనం శుక్రవారం శుక్రవారం నురగ కొట్టింది" అని గుర్తుచేశాడు. అదృష్టం. రికార్డుల్లో ఎక్కడా లేదు.

సబ్‌గ్రేడ్ బాబు:

అందరికీ పెద్ద థాంక్స్. రెండు రోజులు కూర్చుని ఎక్సెల్‌లో వేశాను. ఇవి నేను అనుకున్న సంఖ్యలు, తప్పుంటే మొట్టికాయ వెయ్యండి.

పేవర్ సార్ చక్రాల లెక్క చెప్పాక నాకు వేరే అనుమానం వచ్చింది. 777 మెయిన్ చక్రాల మధ్య దూరం దాదాపు 11 మీటర్లే. విమానాలు మధ్య గీత పట్టుకునే పోతాయి. మరి 45 మీటర్లకీ ఒకే మందం ఎందుకు? ఎఫ్‌ఏఏ డిజైన్ పద్ధతిలో అంచుల దగ్గర మందం తగ్గించే వీలుందని చదివాను. మధ్య 23 మీటర్లలో 100 మి.మీ. గీకి 100 నింపడం, మిగతా రెండు పక్కలా 50 గీకి 50 నింపడం అనుకున్నాను. లెవెల్ మారదు.

మొత్తం ఒకే మందమైతే 32,400 టన్నుల మిక్స్. టన్నుకి 55 కిలోలు అనుకుంటే సుమారు 1,780 టన్నుల కార్బన్ డయాక్సైడ్. వార్మ్ మిక్స్ వల్ల టన్నుకి 4 కిలోలు తగ్గితే 130 టన్నులు మిగులుతాయి. కంకర 120 కిలోమీటర్ల క్వారీ బదులు 40 కిలోమీటర్ల క్వారీ నుంచి తెస్తే, లారీకి టన్ను-కిలోమీటరుకి 100 గ్రాముల చొప్పున, 245 టన్నులు. అంచులు పలచన చేస్తే 7,900 టన్నుల మిక్స్ అసలు వెయ్యక్కర్లేదు, అది 435 టన్నులు. ఇక పొర ఎనిమిదేళ్ల బదులు పన్నెండేళ్లు నిలిస్తే, 24 ఏళ్లలో మూడుసార్లు వేసే చోట రెండుసార్లే వేస్తాం. అంటే ఒక పొర మొత్తం, 1,780 టన్నులు. నేను నోటు మొదలుపెట్టింది వార్మ్ మిక్స్‌తో. లెక్కలో అది అన్నిటికంటే అడుగున ఉంది.

అందుకే పోలిక టన్నుకి, క్యూబిక్ మీటరుకి కాకుండా, చదరపు మీటరుకి సంవత్సరానికి ఎన్ని కిలోలు అని పెట్టాను. సప్లయర్లని వాళ్ల సొంత ప్లాంటు ఈపీడీ (సరుకు పర్యావరణ లెక్కల పత్రం) అడిగాను, పరిశ్రమ సగటు వద్దన్నాను. ముగ్గురిలో ఒకరే పంపారు.

నోటులో ఇప్పుడున్నది ఇదీ. పైపొరలో రాప్ లేకుండా పాలిమర్ తారు, కెమికల్ వార్మ్ మిక్స్. మా సొంత రాప్ షోల్డర్లకి, కింది పొరకి. ఆప్రాన్ కొత్తగా కట్టేది ఫ్లై యాష్ కాంక్రీటుతో. పాత ముక్కలు పీఫాస్, ఏఎస్‌ఆర్ పరీక్షలు అయ్యాకే కదులుతాయి. జియోపాలిమర్‌కి సర్వీసు రోడ్డు మీద ఒక ట్రయల్ ముక్క. బాస్ చదివి "నాలుగు ఆప్షన్లు అడిగితే డ్రెయిన్ల గురించి రెండు పేజీలు రాశావేంటి" అన్నారు. తీసెయ్యమనలేదు.

క్యూబ్ టెస్ట్:

చదరపు మీటరుకి సంవత్సరానికి అన్న కొలత బాగుంది. ఒక్క జాగ్రత్త: ఆ "పన్నెండేళ్లు" అన్న సంఖ్య ఎక్కడ నుంచి వచ్చిందో పక్కన రాయండి. మొత్తం లెక్క దాని మీదే నిలబడింది. ఎనిమిది, పది, పన్నెండు మూడింటికీ వేసి చూపించండి. లేకపోతే మీ నోటు కూడా ఇంకో బ్రోచరే.

పాత పేవర్:

క్యూబ్ టెస్ట్ మేడమ్ చెప్పినట్టు చెయ్యి. అంచులు పలచన చెయ్యడం మంచి ఆలోచనే, నేనడగకుండానే పట్టుకున్నావు. కానీ 23 మీటర్ల దగ్గర వచ్చే ఆ నిలువు జాయింటు చక్రాల దారిలో పడకుండా చూడు, నీళ్లు దిగేది అక్కడే. వీలైతే రెండు పేవర్లు కాస్త ముందూ వెనకా నడిపించి వేడి మీదే కలపండి. హెచ్‌డబ్ల్యూడీ రిజల్టు రాకుండా మాత్రం అంచుల మందం ఫైనల్ చెయ్యకు.

ఇంకొక్క పని ఉంది. ప్లాంటుకి వెళ్తావుగా. ఆఫీసులో కూర్చోబెట్టి పీపీటీ చూపిస్తారు. చూడు, కాదనను. తర్వాత "ఒక్క నిమిషం సార్" అని వెనక్కి వెళ్లి రాప్ కుప్ప మీద కప్పు ఉందో లేదో చూసిరా.

సబ్‌గ్రేడ్ బాబు:

ఇవాళ వెళ్లాను సార్. పీపీటీలో టార్పాలిన్ కప్పిన కుప్ప ఫోటో ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే టార్పాలిన్ నిజంగానే ఉంది, కొత్తది, మడత విప్పకుండా డీజీ సెట్ పక్కన గోడకి ఆనించి పెట్టారు. కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. చొక్కా పోయింది. శాంపిల్ కవర్లో వేసుకుని ల్యాబ్‌కి పంపాను, తడి శాతం రేపు వస్తుంది.